పంట పోయింది, ఇప్పుడేం చేయాలి? చేను దున్నించే ముందు చదవండి

సిరోంచ, రాజురా, కిన్వట్, ధర్మాబాద్, ఎక్కడైనా ఒకటే తీరు. పత్తి చేను పోయిందని తేలగానే మనవాళ్లు మొదట ఫోన్ చేసేది ట్రాక్టర్ అతనికి. దారిన పోయేవాళ్ల కంట పడకముందే రోటావేటర్ తిప్పించేస్తే పరువు దక్కుతుంది, శనగో జొన్నో వేసుకోవచ్చు అనుకుంటారు. ఆలోచన తప్పని అనను. కానీ ఆ తొందరలో సాక్ష్యం కూడా మట్టిలో కలిసిపోతుంది. పంట ఎందుకు పోయిందో చెప్పగలిగింది ఆ చేనొక్కటే, దాన్ని మన చేతులతోనే చెరిపేస్తాం. మళ్లీ రోహిణి కార్తె వచ్చేసరికి అదే విత్తనం, అదే దుకాణం, అదే తేదీ. ఈసారి వాన బాగుంటుందిలే అన్న ఆశ ఒక్కటే కొత్తది.

ఈ వ్యాసం మహారాష్ట్ర వైపున్న తెలుగు రైతుల కోసం. మన ఇబ్బంది కొంచెం వేరుగా ఉంటుంది. కాగితాలు మరాఠీలో ఉంటాయి. విత్తనం చాలాసార్లు ఆదిలాబాద్ నుంచో చెన్నూరు నుంచో వస్తుంది. సలహా చెప్పే చుట్టం ఏమో తెలంగాణలో ఉంటాడు, అక్కడి రూల్సు ఇక్కడ నడవవు. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది ఇక్కడి పద్ధతిలోనే చెప్తున్నాను. ఎక్కువగా పత్తి గురించే ఉంటుంది. మిరప, సోయా రైతులకూ చాలా భాగం పనికొస్తుంది.

మొదటి పని: ఇంట్లో చెప్పండి, మందు డబ్బాలకు తాళం వేయండి

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. విదర్భలో రైతు ఆత్మహత్య ఉత్త మాట కాదని మీకూ తెలుసు. అప్పు ఎంతో ఇంటి ఆడవాళ్లకు తెలియకుండా దాచి, ఒక్కడే మోసే మనిషికే రాత్రుళ్లు ఎక్కువ కష్టం. ఎంత ఖర్చయింది, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఒక సాయంత్రం కూర్చుని భార్యతో, పెద్ద పిల్లలతో చెప్పేయండి. మిగిలిన పురుగుమందు డబ్బాలు ఇంట్లో, కొట్టంలో చేతికందేలా ఉంచకండి. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఇంకొకరికి ఇవ్వండి.

నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు మనసులో తిరుగుతున్నా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు. డబ్బులేమీ కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కింటి అన్న చేను పోయి నాలుగు రోజులుగా హోటల్ దగ్గరికి టీకి కూడా రాకపోతే, మీరే ఒకసారి వాళ్లింటికి వెళ్లండి. "ఏం వేసినవ్, ఎంత పోయింది" అని అడగకుండా కాసేపు కూర్చుని రండి.

రెండో పని: చేను నిలబడి ఉండగానే తిరిగి చూడండి

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు ముందు గేట్లెత్తి నీళ్లు ఖాళీ చేశారు, తర్వాత కిందికి దిగి ఎక్కడ పగిలిందో చూశారు. సిరోంచ వాళ్లకు అది ఏటి అవతల కళ్లముందు జరిగిన సంగతే. చేను విషయంలోనూ ముందు దిగి చూడటమే.

ఒక పార, చాకు, నోట్‌బుక్, ఫోన్ పట్టుకుని పొద్దున్నే వెళ్లండి. గట్టు మీద నిలబడి చూస్తే లాభం లేదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు అడ్డంగా నడవండి, తర్వాత రెండో అడ్డం. నడుస్తూ ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నష్టం చేనంతా ఒకేలా ఉందా, మచ్చలు మచ్చలుగా అక్కడక్కడా ఉందా? సగం జవాబు ఇందులోనే దొరుకుతుంది. చేనంతా ఒకేలా పోయిందంటే విత్తనం, తేమ, తేదీ, కొట్టిన మందు వైపు చూడాలి. మచ్చలుగా పోతే నీళ్లు నిలిచే పల్లం, చవుడు, తెల్ల రాయి తేలిన జాగ, చెట్టు నీడ లాంటివి చూడాలి.

మొలక దగ్గరే దెబ్బ తింటే, మొలవని చోట వేలితో తవ్వి విత్తనం తీయండి. గింజ గట్టిగా, పొడిగా ఉంటే తేమ చాలలేదు. మెత్తబడి కుళ్లిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా గింజలోనే జీవం లేదు. మొలకెత్తి, పైకి రాలేక వంకర తిరిగి ఉంటే లోతు ఎక్కువైంది, లేదా వాన తర్వాత పైమట్టి పెంకు కట్టింది. గింజే కనిపించకపోతే చీమలో ఎలుకలో తినేశాయి. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. చాలామంది మాత్రం నాలుగింటినీ "నకిలీ విత్తనం" అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. నకిలీ విత్తనాలు ఉన్నాయి, కాదనను. కానీ పొడి దుక్కిలో గింజ పెట్టి వాన కోసం ఎదురుచూసి పోగొట్టుకున్న చేలు అంతకంటే ఎక్కువని నా లెక్క. మహారాష్ట్ర వ్యవసాయ శాఖ ఏటా చెప్పే మాట ఒకటే: 75 నుంచి 100 మిల్లీమీటర్ల వాన పడేదాకా పత్తి, సోయా విత్తొద్దు అని. మనం మృగశిర రాగానే విత్తేస్తాం. తర్వాత దుబార్ పేరణీ (రెండోసారి విత్తడం) అంటూ రెండో ప్యాకెట్‌కు అప్పు చేస్తాం.

మొక్క పెరిగాక పోతే కాయదాకా వెళ్లి చూడాలి. చేనులో అక్కడక్కడా పచ్చికాయలు 20 కోసి, చాకుతో చీల్చండి. రెండు కాయల్లో గులాబీ పురుగు ఉంటే, అంటే 10 శాతం, నష్టం చేసే స్థాయి దాటిందన్నమాట. పై నుంచి చూస్తే కాయ చక్కగానే ఉంటుంది, మోసం అక్కడే. రేకులు విప్పుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు ఉన్నాయేమో కూడా చూడండి. బీటీ పత్తికి గులాబీ పురుగు రాదన్న నమ్మకం ఎప్పుడో పోయింది. 2017లో యవత్‌మాల్ వైపు ఈ పురుగు చేసిన నష్టం గుర్తుండే ఉంటుంది. ఆ ఏడే అక్కడ మందు కొడుతూ విషం తగిలి రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆకు ఎర్రబడితే తొందరపడి మందు కొట్టకండి, రెండు రకాలున్నాయి. ముదురాకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియం లోపం. అంచులు కిందికి ముడుచుకుని, అక్కడి నుంచి పసుపు, ఎరుపు తిరుగుతుంటే పచ్చదోమ. ఆకు తిప్పి చూస్తే పక్కకి నడిచే సన్నటి పచ్చ పురుగులు కనిపిస్తాయి. మొదటిదానికి పురుగుమందు కొట్టడమంటే డబ్బులు గాలికి చల్లడమే.

ఎండిన మొక్కను పీకకండి, పారతో తవ్వి తీయండి. వేరు నల్లబడి, పొర ఊడి వస్తుంటే నీళ్లు నిలిచాయి, లేదా వేరుకుళ్లు వచ్చింది. వేరు ఒక జానెడు దిగి పక్కకి తిరిగితే కింద గట్టి పొర ఉంది. ఏళ్ల తరబడి ఒకే లోతులో రోటావేటర్ తిప్పిన చేలల్లో ఇది మామూలే.

చూసినవన్నీ ఫోటోలు తీయండి. తేదీ, జాగ పడేలా కెమెరా సెట్టింగ్ పెట్టుకోండి. దగ్గర ఫోటో ఒకటి, చేనంతా కనిపించే ఫోటో ఒకటి, గుర్తుపట్టేలా పక్కనున్న చెట్టో బావో కలిసేలా ఒకటి.

మూడో పని: పక్క చేను అడగండి

ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా దీన్ని చేసేవాళ్లు అరుదు. సిగ్గు అడ్డం వస్తుంది కదా. మీకు పడిన వానే పక్కతనికీ పడింది. అతని చేను నిలబడి మీది పోతే వాన ఒక్కటే కారణం కాదు. అతనిదీ పోతే, మిమ్మల్ని మీరు తిట్టుకోవడంలో సగం తగ్గించుకోవచ్చు. నేరుగా వెళ్లి అడగండి: "అన్నా, నువ్వు ఏ రోజు పెట్టినవ్? ఏ లాటు? మొదటి మందు ఎప్పుడు కొట్టినవ్?" ఇద్దరు ముగ్గుర్ని అడిగితే తేడా ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఒకే లాటు విత్తనం ముగ్గురి చేలల్లోనూ మొలవకపోతే అది మీ తప్పు కాదు, ఐదో పని దగ్గర మీకు గట్టి ఆధారం.

కలుపు తీసిన ఆడవాళ్లను తప్పకుండా అడగండి. సాలు సాలూ వంగి చూసింది వాళ్లే. "వదినా, ఆకు ముందు ఏ మూల ఎర్రబడ్డది?" అంటే ఠక్కున చెప్తారు. పచ్చదోమ గురించి మగవాళ్లకంటే పది రోజుల ముందే వాళ్లకు తెలిసి ఉంటుంది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పి ఉండరు.

నాలుగో పని: ఒక పేజీలో రాయండి

నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, దుక్కి దున్నిన రోజు నుంచి చేను పోయిన రోజు దాకా తేదీలు రాయండి. తేదీలు గుర్తు లేకపోతే దుకాణం బిల్లులు, ఫోన్‌పే లెక్కలు, కూలీ చీటీలు చూడండి. వాన లెక్క మీ మహసూల్ మండల్ (రెవెన్యూ సర్కిల్) వారీగా మహారెయిన్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పక్కన మూడు గీతలు గీసి ప్రతి సంగతినీ ఒక గడిలో వేయండి: ఆకాశం చేసింది, అంగడి చేసింది, నేను చేసింది.

నిజాయితీ కావాల్సింది ఈ మూడో గడిలోనే. కొందరు దాన్ని ఖాళీగా వదిలేస్తారు, అంతా వాన మీదికీ దుకాణం మీదికీ తోస్తారు. కొందరు అన్నీ అందులోనే కుక్కుతారు, వడగళ్లు కూడా తమ ఖర్మే అన్నట్టు. రెండూ నష్టమే. మొదటివాళ్లు వచ్చే ఏడు ఏమీ మార్చరు. రెండోవాళ్లు అన్నీ ఒకేసారి మార్చేస్తారు, లేదంటే వ్యవసాయమే వద్దని ఆటో కొనడానికి ఇంకో అప్పు చేస్తారు. పదును (నేలలో చాలినంత తేమ) లేకుండా విత్తడం, దుకాణదారుడు చెప్పిన మూడు మందులు ఒకే పంపులో కలిపి కొట్టడం, డిసెంబరు దాటినా పత్తిని ఫిబ్రవరి దాకా సాగదీయడం, ఇలాంటివి "నేను చేసింది" గడిలోకి వస్తాయి. చివరిది గులాబీ పురుగుకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు. నాగ్‌పూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ పంటను వేళకు ముగించమని చెప్పి చెప్పి అలిసిపోయింది.

పేజీ చివర డబ్బు లెక్క. విత్తనం, ఎరువు, మందు, కూలీ, దున్నకం, బటాయి (కౌలు) చేను అయితే దాని డబ్బు. ఇంటి మనుషుల కూలీ కూడా వేయండి. చాలామందికి అప్పుడే తెలుస్తుంది, అన్నిటికంటే ఎక్కువ పోయింది విత్తనం మీద కాదు, ఫలితం లేకపోయినా పదే పదే కొట్టిన మందు మీద అని.

ఐదో పని: రావాల్సింది రాబట్టుకోండి

ఈ పని రెండు, మూడింటితో పాటే నడవాలి, ఎందుకంటే దీనికి గడువులుంటాయి. కాగితం పని అంటే విసుగే, అందులోనూ మరాఠీలో. బడికెళ్లే పిల్లల్ని కూర్చోబెట్టి చదివించుకోండి, వాళ్ల మరాఠీ మనకంటే నయం.

ముందు సాత్‌బారా (7/12 భూమి కాగితం) మీద ఈ సీజను పంట ఎక్కిందో లేదో చూడండి. 2021 నుంచి ఈ-పీక్ పాహణీ యాప్‌లో రైతే తన చేనులో నిలబడి పంట ఫోటోతో నమోదు చేయాలి. అది చేయకపోతే కాగితం మీద మీ చేను బీడు. బీమా, ప్రభుత్వ సాయం, సర్కారు కొనుగోలు, అన్నీ అక్కడే ఆగుతాయి. గడువులో చేయకపోతే తలాఠీని (ఊరి రెవెన్యూ అధికారిని) కలవండి, తర్వాత వాళ్ల స్థాయిలో నమోదుకు కొన్ని రోజులు ఇస్తారు.

పంట బీమా విషయంలో పాత సంగతులు నమ్ముకోకండి. 2023 ఖరీఫ్ నుంచి ఒక్క రూపాయికే ఇచ్చిన బీమాను 2025లో ఎత్తేశారు. ఇప్పుడు ఖరీఫ్ ఆహార పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, పత్తి లాంటి వాణిజ్య పంటలకు 5 శాతం ప్రీమియం రైతే కట్టాలి. ముంపు, వడగళ్ల నష్టం 72 గంటల్లో తెలియజేయాలన్నది కేంద్ర పథకంలో ఉన్న నియమం. కానీ మహారాష్ట్ర 2025 ఖరీఫ్ నుంచి ఒక్కో చేను నష్టం కాకుండా, మండల్‌లో పంటకోత ప్రయోగాల్లో వచ్చిన దిగుబడి మీద పరిహారం లెక్కేసే పద్ధతికి మారింది. ఈ నియమాలు ఏటా మారుతున్నాయి కాబట్టి మీ సీజనుకు ఏది నడుస్తోందో 14447కు ఫోన్ చేసి అడగండి. 72 గంటల్లో చెప్పి ఉంచడం వల్ల మాత్రం పోయేదేమీ లేదు.

బీమా వేరు, ప్రకృతి విపత్తు సాయం వేరు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత వరద సిరోంచ చేలను ముంచినట్టు వరదో అతివృష్టో వస్తే, తలాఠీ, కృషి సహాయక్ (వ్యవసాయ శాఖ మనిషి), గ్రామసేవక్ (పంచాయతీ మనిషి) కలిసి పంచనామా చేస్తారు. పంట 33 శాతం, అంతకంటే ఎక్కువ పోతేనే సాయం. కేంద్రం 2022లో పెట్టిన లెక్క ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్నదానికి 17,000. రాష్ట్రం ఒక్కోసారి దాని మీద కలుపుతుంది. పంచనామా చేసేటప్పుడు మీరు చేనులో ఉండండి. మీ గట్ నంబరు (సర్వే నంబరు), విస్తీర్ణం సరిగ్గా రాశారో లేదో చదివించుకునే సంతకం పెట్టండి. బటాయికి చేసేవాళ్లకు చిక్కు ఇక్కడే. సాయం సాత్‌బారా మీద పేరున్న ఆసామికే పడుతుంది. ముందే కాగితం రాసుకోకపోతే తర్వాత అతని దయ.

విత్తనమే మోసం అని తేలితే తాలూకా కృషి అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తాలూకా స్థాయి ఫిర్యాదుల సమితి వచ్చి చేను చూసి నివేదిక రాస్తుంది. చేను దున్నేశాక వాళ్లు చూడటానికి ఏమీ ఉండదు. బిల్లు, సంచి, దాని మీద లాటు నంబరున్న చీటీ కావాలి. బిల్లు లేకుండా పది రూపాయలు తక్కువకు ఇచ్చే దుకాణం ఎందుకు ఇస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

విత్తనం తెలంగాణ వైపు కొన్నా భయపడనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చంద్రపూర్ రైతు ఆదిలాబాద్ తిరగక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి, విత్తనానికి ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. "మరి పరీక్షకు గింజలేవీ?" అని ఎదుటివాళ్లు అడుగుతారు. దానికి సుప్రీంకోర్టు 2012లోనే జవాబు చెప్పింది. కొన్న విత్తనమంతా విత్తే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించలేమని, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్ రైతులే. తీర్పు మంచిదే, కానీ కేసు తేలడానికి ఏళ్లు పడుతుందన్న సంగతి కూడా మనసులో పెట్టుకోండి. వచ్చే డబ్బును వచ్చే సీజను పెట్టుబడిలో లెక్కేసుకోవద్దు.

ఆరో పని: అప్పు దగ్గరికి మీరే వెళ్లండి

బ్యాంకు నుంచి నోటీసు వచ్చేదాకా ఆగొద్దు. ప్రకృతి విపత్తు ప్రకటించి, నష్టం 33 శాతం, అంతకంటే ఎక్కువ ఉన్న చోట పంట రుణం గడువు పొడిగించి, వాయిదాలుగా మార్చే వెసులుబాటు రిజర్వ్ బ్యాంకు నియమాల్లో ఉంది. పంచనామా నకలు తీసుకుని గడువు తేదీకి ముందే వెళ్లి లిఖితపూర్వకంగా అడగండి. గడువు దాటాక వెళితే మీరు బాకీ ఎగ్గొట్టినవాళ్ల జాబితాలో ఉంటారు, మాట తీరే మారిపోతుంది.

కట్టగలిగే స్థితి ఉంటే గడువు లోపల కట్టేయడమే లాభం. మహారాష్ట్రలో వేళకు కట్టినవాళ్లకు పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ పథకం కింద 3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ భారం పడదు. ఆ సంగతి చూసి సావుకారు దగ్గర తెచ్చి బ్యాంకులో కట్టి, మళ్లీ బ్యాంకులో తీసి సావుకారుకు ఇచ్చేవాళ్లున్నారు. కొత్త రుణం వారంలో వస్తుందని మేనేజరు ఒప్పుకుంటే అది నడుస్తుంది. ఆ మాట లేకుండా చేస్తే నూటికి నెలకు మూడో ఐదో వడ్డీ మీద ఇరుక్కుంటారు. లైసెన్సు లేకుండా వడ్డీకి ఇవ్వడం 2014 చట్టం ప్రకారం ఇక్కడ నేరం. భూమి రాయించుకుంటే జిల్లా సహకార ఉప నిబంధకుడి (డిప్యూటీ రిజిస్ట్రార్) దగ్గర ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఊళ్లో ఉంటూ సావుకారు మీద ఫిర్యాదంటే మాటలు కాదు. అందుకే అసలు భూమి కాగితం మీద వేలిముద్ర వేయకపోవడమే నేను చెప్పేది, ఎంత అవసరమైనా సరే.

ఏడో పని: మట్టి పరీక్ష

తొందరగా చెప్పేస్తాను. పంట తీసేశాక, ఎరువు వేయకముందు చేయాలి. చేనులో 10 నుంచి 15 చోట్ల V ఆకారంలో గుంట తీసి, అంచు నుంచి పలుచగా పైనుంచి కిందికి మట్టి తీయండి. సోయా, వరికి 15 సెంటీమీటర్ల లోతు, పత్తికి 30 దాకా. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేసి, మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా అలాగే చేయండి. గట్టు పక్క, పెంటకుప్ప ఉన్నచోట తీయొద్దు. మట్టిని యూరియా సంచిలో వేసి తీసుకెళ్లేవాళ్లున్నారు, అలా చేస్తే మీ చేనులో నత్రజని బ్రహ్మాండంగా ఉందని రిపోర్టు వస్తుంది.

సాగ్రోళి కృషి విజ్ఞాన కేంద్రం బిలోలి తాలూకాలోనే ఉంది కాబట్టి నాందేడ్ సరిహద్దు వాళ్లకు సుళువు. చంద్రపూర్ వాళ్లకు సిందేవాహి. సిరోంచ వాళ్లకు గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైనే, ఊరంతా కలిసి ఒక మనిషి చేత సంచులు పంపడం నయం. సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా.

ఎనిమిదో పని: ఒక్కటే మార్చండి, కొంచెం జాగలోనే

దెబ్బ తిన్న మనిషికి అన్నీ మార్చేయాలనిపిస్తుంది. పత్తి పోయిందని మొత్తం మిరప వేయడం మన దగ్గర తరచూ జరిగే పని. 2021-22లో అవతలి తెలంగాణ మిరప తోటల్ని నల్ల తామర పురుగు ఏం చేసిందో చూసినవాళ్లు కూడా, తర్వాతి ఏడు రేటు చూసి ఆగలేకపోయారు. పంట మారినంత మాత్రాన పాత కారణం పోదు. పదును చూడకుండా విత్తే అలవాటు మిరప నారు దగ్గర కూడా వెంటే వస్తుంది.

నాలుగో పనిలో రాసిన పేజీ తెరిచి, "నేను చేసింది" గడిలో ఎక్కువ నష్టం తెచ్చినది ఒకటి ఎంచుకోండి. దాన్ని మాత్రమే మార్చండి. పదును లేకుండా విత్తడమే కారణమైతే, ఈసారి వాన కొలిచి విత్తండి. వానమాపకం కొనక్కర్లేదు. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి చెట్లకు దూరంగా, బయలులో పెట్టండి. వాన ఆగగానే స్కేలుతో కొలిస్తే ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లుంటే అంత వాన. రోజూ రాసి కలుపుతూ పోండి, 75 దాటేదాకా సంచి విప్పొద్దు. పక్కింటివాళ్లు విత్తేసి మొలకలు చూపిస్తుంటే ఆగడం కష్టమే. ఆ పది రోజులూ హోటల్ దగ్గరికి తక్కువ వెళ్లండి.

విత్తనం మీద అనుమానమైతే, విత్తే వారం ముందు సంచిలోంచి 100 గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టా మీద వరసలుగా పేర్చి, చుట్టి నీడన పెట్టండి. ఆరకుండా నీళ్లు చల్లుతూ ఉండండి. వారం పది రోజుల్లో మొలకలు లెక్కపెట్టండి. పత్తి హైబ్రిడ్‌కు 75, సోయాకు 70, వరికి 80, మిరపకు 60 రావాలన్నది ప్రభుత్వం పెట్టిన కనీస ప్రమాణం. తక్కువ వస్తే చేనులో వేయకుండానే సంచి వెనక్కి ఇచ్చి బిల్లు చూపించొచ్చు. సోయాను ఇంటి విత్తనంగా దాచుకునేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. దాని పైపొర పలుచన, బస్తా ఎత్తేసినా మొలక శాతం పడిపోతుంది.

గులాబీ పురుగే కారణమైతే తక్కువ కాలంలో వచ్చే రకం వేసి, డిసెంబరు చివరికి కట్టె పీకేయండి. లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో లాగేవి) పెట్టి పొద్దున్నే లెక్కపెట్టండి. వరసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు సంగతి ఆలోచించండి. అంతకుముందు దుకాణంలో ఏది అంటగట్టినా కొట్టొద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ముందే కొడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది, అప్పుడు దానికి ఇంకో డబ్బా అమ్ముతారు.

ఇదంతా కొత్త విషయమే అయితే మొత్తం చేను మీద పెట్టకండి. అర ఎకరం గీసి, నాలుగు మూలలా గూటాలు పాతి, అందులో కొత్త పద్ధతి, మిగతాదాంట్లో మీ పాత పద్ధతి. విత్తనం, ఎరువు, రోజు రెండింటికీ ఒకటే ఉండాలి, మారేది ఒక్కటే. దగ్గర దగ్గరగా నాటే పద్ధతి చూడాలనుకుంటే తేలిక నేలలో 90 సెంటీమీటర్ల సాలుకు 15 సెంటీమీటర్లకు ఒక మొక్క అన్న లెక్క కూడా ఈ అర ఎకరంలోనే చూసుకోండి. రెండు ముక్కల్లోనూ పాతకాలం వాళ్లు వేసినట్టు ఆరెనిమిది సాళ్లకు ఒక సాలు కంది పెట్టండి. పత్తి మొత్తం పోయినా ఇంట్లో పప్పు, నాలుగు రూపాయలు మిగులుతాయి.

పత్తి ఏరేటప్పుడు ఆ అర ఎకరం పత్తిని వేరే చద్దరులో కట్టించండి. కూలీలు మర్చిపోయి కలిపేస్తారు, కాబట్టి ఆ రోజు మీరో ఇంట్లోవాళ్లో దగ్గరుండాలి. ప్రతి ఏరుడుకూ తూకం, తేదీ రాయండి. చివరి ఏరుడు అయ్యాక రెండు ముక్కల్నీ ఎకరం లెక్కకు మార్చి, ఖర్చు తీసేసి చూడండి. తేడా బాగా కనిపిస్తే వచ్చే ఏడు రెండెకరాలకు పెంచండి. కనిపించకపోతే పోయింది అర ఎకరం శ్రమే. పాత పేజీ తీసి, మూడో గడిలో రెండో కారణం కింద గీత గీయండి.